ముప్పై దాటకముందే అరిగిన డిస్కులు: రిపోర్టు చెప్పేదెంత, చెప్పనిదెంత

'ఎల్‌4–ఎల్‌5, ఎల్‌5–ఎస్‌1 దగ్గర డిస్క్ డెసికేషన్. డిఫ్యూజ్ బల్జ్. థీకల్ శాక్‌పై స్వల్ప ఒత్తిడి.' కూకట్‌పల్లిలోనో కొండాపూర్‌లోనో ఏ డయాగ్నస్టిక్ సెంటర్లో నడుముకు ఎంఆర్ఐ తీయించుకున్నా, పాతిక ముప్పై ఏళ్ల వాళ్ల రిపోర్టుల్లో తరచూ కనిపించే ముక్కలివి. రిపోర్టు ఫోన్‌కి వచ్చేస్తుంది, డాక్టరు అపాయింట్‌మెంటేమో ఎల్లుండి. ఈలోగా గూగుల్లో వెతకడం, ఇంటికి ఫార్వర్డ్ చేయడం, 'ఈ వయసుకే వెన్నుపూస అరిగిపోయిందట' అని ఇంటిల్లిపాదీ బెంగపెట్టుకోవడం అన్నీ అయిపోతాయి. పెళ్లి సంబంధాలు చూస్తున్న ఇల్లయితే ఆ టెన్షన్ ఇంకో రకం.

ఆ మాటలను విడదీసి చూస్తే భయం సగం దిగుతుంది. ఎల్‌4, ఎల్‌5, ఎస్‌1 అనేవి నడుం కింది భాగంలోని వెన్నుపూసల గుర్తులు; వాటి మధ్యనుండే మెత్తలే డిస్కులు. డెసికేషన్ అంటే డిస్కులో నీరు తగ్గడం. ఎంఆర్ఐ చిత్రంలో నీరు నిండుగా ఉన్న డిస్కు తెల్లగా, తగ్గిన డిస్కు నల్లగా కనిపిస్తుంది. రేడియాలజిస్టు ఆ నలుపును చూసి అలా రాస్తారు. బల్జ్ అంటే డిస్కు తన హద్దు దాటి కాస్త ఉబ్బడం. థీకల్ శాక్ అనేది నరాల కట్ట చుట్టూ ఉండే సంచి లాంటి పొర. ఉబ్బిన డిస్కు దానికి ఆనుతోందన్నమాట. వీటిలో ఏ ఒక్కటీ నొప్పి ఎంత ఉందో చెప్పదు, అసలు ఉందో లేదో కూడా చెప్పదు. ఏ నడుం నొప్పీ లేని 3,110 మంది స్కాన్లను పరిశీలించిన 33 అధ్యయనాలను 2015లో ఒకచోట చేర్చి లెక్క తీశారు. ఇరవై ఏళ్ల వయసు వాళ్లలోనే 37 శాతం మందిలో డిస్కు క్షీణత, 30 శాతం మందిలో బల్జ్ కనిపించాయి. ఎనభై ఏళ్ల వాళ్లలో క్షీణత 96 శాతం. హాయిగా క్రికెట్ ఆడుకుంటున్న కుర్రాళ్లను పది మందిని మెషీన్‌లోకి పంపితే ముగ్గురు నలుగురి రిపోర్టుల్లో ఈ మాటలే వస్తాయి.

అలాగని రిపోర్టును చించి పారేయమని కాదు. యాభై లోపు వయసులో నొప్పి ఉన్నవాళ్లనూ లేనివాళ్లనూ పోల్చి చూస్తే, ఈ మార్పులు నొప్పి ఉన్నవాళ్లలోనే ఎక్కువగా ఉన్నాయని కూడా అదే ఏడాది తేలింది. డిస్కు ఎండడం ఒక సంగతి, నడుం నొప్పి రావడం ఇంకో సంగతి. రెండింటికీ చుట్టరికం ఉంది, కానీ ఒకటి ఉంటే రెండోది ఉండి తీరాలన్న రూలు లేదు. యువతలో వెన్ను సమస్యల గురించి జరిగే చర్చ చాలావరకు ఈ రెండింటినీ కలిపేయడం దగ్గరే దారి తప్పుతోంది.

డిస్కు నిర్మాణాన్ని చూస్తే మొదటి సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. మెడ నుంచి నడుం దాకా వెన్నుపూసల మధ్య 23 డిస్కులుంటాయి. ఒక్కొక్కటీ పూర్ణం బూరె లాంటిది: పైన పీచుతో చుట్లు చుట్లుగా అల్లిన గట్టి తోపు, లోపల నీటిని పట్టి ఉంచే మెత్తటి ముద్ద. ముందుకు వంగి బరువెత్తినప్పుడు ముందు వైపు నొక్కుకుపోయి లోపలి ముద్ద వెనక్కి తోసుకొస్తుంది. తోపులో చీలిక ఉంటే అక్కడినుంచి బయటికి పొడుచుకొస్తుంది. జనం 'డిస్కు జారింది' అనేది దీన్నే. నిజానికి డిస్కు ఎక్కడికీ జారదు; పైఎముకకూ కిందిఎముకకూ గట్టిగా అతుక్కునే ఉంటుంది.

చిక్కంతా దాని తిండి దగ్గర ఉంది. ఒంట్లో రక్తనాళాలు లేని అవయవాల్లో డిస్కే పెద్దది. పసితనంలో ఉన్న కొద్దిపాటి నాళాలు కూడా బాల్యం గడిచేసరికి మూసుకుపోతాయి. ఆ తర్వాత గ్లూకోజు, ఆక్సిజన్ ఏది కావాలన్నా పైకింది ఎముకల్లోని సన్నటి నాళాల నుంచి, మధ్యనున్న పలుచటి మృదులాస్థి పలక గుండా, కొద్దికొద్దిగా ఇంకాల్సిందే. పెద్దవాళ్ల నడుం డిస్కులో మధ్యన ఉన్న కణానికి దగ్గర్లోని రక్తనాళం ఏడెనిమిది మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. వినడానికి చిన్న దూరమే, కణానికి మాత్రం చాలా ఎక్కువ. ఇంత పేదరికంలో డిస్కులో బతికే కణాలు కూడా తక్కువే, మొత్తం పరిమాణంలో ఒక శాతం దాకా. అవి నీటిని పట్టే పదార్థాన్ని తయారు చేయడం తగ్గించాయంటే ముద్ద ఎండడం మొదలవుతుంది. శవపరీక్షల్లో సేకరించిన డిస్కులను మైక్రోస్కోపు కింద చూసినవాళ్లకు ఈ మార్పుల తొలి ఛాయలు రెండో దశాబ్దంలోనే, అంటే ఇంకా ఇంటర్ దాటని వయసులోనే, కనిపించాయి. కాబట్టి ఇది సాఫ్ట్‌వేర్ ఉద్యోగంతో మొదలయ్యే వ్యవహారం కాదు.

ఎవరికి తొందరగా, ఎవరికి నెమ్మదిగా అన్నది చాలావరకు పుట్టుకతోనే వస్తుంది. కవలల మీద చేసి 1999లో ప్రచురించిన ఒక అధ్యయనంలో నడుం డిస్కుల క్షీణతలో మనిషికీ మనిషికీ ఉండే తేడాల్లో నాలుగింట మూడొంతుల దాకా వంశపారంపర్యమేనని లెక్క వచ్చింది. ఫిన్లాండ్‌లో ఇంకో చిత్రమైన పోలిక చేశారు. ఒకే పోలికతో పుట్టిన కవల అన్నదమ్ముల జంటలు 45 తీసుకున్నారు; ప్రతి జంటలో ఒకరు జీవితమంతా డ్రైవింగ్ వృత్తిలో ఉన్నవారు, రెండోవారు అంతగా బండి నడపనివారు. డ్రైవరు డిస్కులే ఎక్కువ పాడయి ఉంటాయనుకుంటాం కదా? 2002లో వచ్చిన ఫలితాల్లో ఆ తేడా కనిపించలేదు. అదే ఫిన్లాండ్ కవలల్లో పొగతాగే వారినీ తాగని వారినీ పోల్చినప్పుడు మాత్రం, పొగతాగే వారి నడుం డిస్కుల్లో క్షీణత సగటున 18 శాతం ఎక్కువని 1991లోనే తేలింది. అసలే బొటాబొటి సరఫరా మీద బతికే డిస్కుకు ఆ సన్న నాళాలను ఇంకా కుంచింపజేసే నికోటిన్ ఎంత చేటో వేరే చెప్పక్కర్లేదు. ఆఫీసు కిందకు దిగి ఇరానీ చాయ్‌తో పాటు వెలిగించే సిగరెట్టుకు, కుర్చీ కన్నా పెద్ద నేరమే అంటగట్టాలి. ఊపిరితిత్తుల గురించి గోడల మీద రాస్తారు గానీ వెన్ను గురించి ఎవరూ రాయరు.

కుర్చీ మాటకొస్తే, 'కూర్చుంటే నిలబడినదానికన్నా డిస్కు మీద భారం ఎక్కువ' అన్నది నలభై యాభై ఏళ్లుగా పాతుకుపోయిన మాట. స్వీడన్‌లో 1960, 70లలో జరిగిన కొలతల నుంచి వచ్చింది. 1999లో జర్మనీ పరిశోధకులు మళ్లీ కొలిచారు. ఒక ఆరోగ్యవంతుడైన వ్యక్తి నడుం డిస్కులోకి సన్నటి సెన్సరు దించి, రోజువారీ పనుల్లోనూ నిద్రలోనూ ఒత్తిడిని రికార్డు చేశారు. ఒక్క మనిషి లెక్కే అయినా చూడదగ్గది. మామూలుగా నిలబడితే 0.50 మెగాపాస్కల్ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం). ఆనుకోకుండా కూర్చుంటే 0.46. కుర్చీలో వెనక్కి జారగిలబడితే ఇంకా తక్కువ. నడుం వంచి 20 కిలోలు ఎత్తితే మాత్రం 2.3. మోకాళ్లు వంచి అదే బరువెత్తితే 1.7, ఛాతీకి దగ్గరగా పట్టుకుంటే 1.1. అమీర్‌పేట హాస్టళ్లలో, గచ్చిబౌలి షేరింగ్ ఫ్లాట్లలో రోజూ ఎవరో ఒకరు డిస్పెన్సర్ మీదికి ఎక్కించే వాటర్ క్యాన్ సరిగ్గా 20 లీటర్లు, అంటే 20 కిలోలు. ఆ క్యాన్‌ను కాళ్లు నిటారుగా పెట్టి, చేతులు చాచి, పక్కకు తిరుగుతూ ఎత్తే పద్ధతిలో వంగడం, మెలితిరగడం, బరువు మూడూ కలుస్తాయి. రోజంతా కూర్చుని బిగుసుకున్న నడుంతో ఆ పని చేసినప్పుడే చాలామందికి 'టక్'మని పట్టేస్తుంది. నింద కుర్చీకి పోతుంది.

అదే కొలతల్లో ఇంకో ఆసక్తికరమైన అంకె ఉంది. పడుకున్న కాసేపటికి డిస్కులో ఒత్తిడి 0.10. ఏడు గంటల నిద్ర తర్వాత 0.24. మనిషి కదలకుండా పడుకున్నా ఒత్తిడి రెట్టింపు దాటింది, ఎందుకంటే పగలు భారానికి పోగొట్టుకున్న నీటిని డిస్కు రాత్రంతా తిరిగి పీల్చుకుంటుంది. పొద్దున్నే మనిషి సాయంత్రం కన్నా ఒకటి రెండు సెంటీమీటర్లు ఎత్తుండటానికి కారణం ఇదే. ఆ ఎత్తులో సగం దాకా లేచిన మొదటి గంటలోనే తగ్గిపోతుంది. దీనివల్ల రెండు సంగతులు గుర్తుపెట్టుకోవాలి. నిద్ర లేచీ లేవగానే డిస్కు నీటితో బిర్రుగా ఉంటుంది, అప్పుడే బాగా వంగి వ్యాయామాలు చేయడం, బకెట్లు ఎత్తడం మంచిది కాదు. తెల్లవారుజామున వంగడం తగ్గించినవాళ్లకు దీర్ఘకాలిక నడుం నొప్పి తగ్గినట్టు 1998లో ఒక ప్రయోగం చూపింది. పక్క మీంచి దూకి నేరుగా నేల మీద కాలివేళ్లు అందుకునేవాళ్లు ఒక గంట ఆగితే పోయేదేమీ లేదు. రెండోది నిద్ర. అమెరికా టైముకు పనిచేసి తెల్లారి నాలుగు గంటలు పడుకునేవాళ్లకు డిస్కు కోలుకునే వ్యవధి తగ్గుతుంది, దానికి తోడు నిద్ర చాలనప్పుడు నొప్పి తెలిసే తీరు కూడా పెరుగుతుంది.

మరి కూర్చోవడం వల్ల ఏ నష్టమూ లేదా అంటే, ఉంది. అయితే అది భంగిమది కాదు, వ్యవధిది. డిస్కుకు చిన్న అణువులు వాటంతటవే ఇంకుతాయి గానీ, నీటితో పాటు కదిలే పెద్ద అణువులకు నొక్కడం, వదలడం అనే లయ కావాలి. గంటల తరబడి ఒకే తీరున ఉంటే ఆ లయ ఆగుతుంది. నిటారుగా కొయ్యలా కూర్చున్నా ఆగుతుంది, వంకరగా కూర్చున్నా ఆగుతుంది. వేలకు వేలు పోసి కొన్న ఎర్గోనామిక్ కుర్చీలో మూడు గంటలు కదలకుండా కూర్చోవడం కన్నా మామూలు ప్లాస్టిక్ కుర్చీలో అరగంటకోసారి లేచేవాళ్ల నడుమే నయం. అశోక్‌నగర్ రీడింగ్ రూముల్లో గ్రూప్స్‌కు చదివే వాళ్లను చూస్తే ఇది ఐటీ వాళ్ల జబ్బు మాత్రమే కాదని తెలుస్తుంది. చిన్న టేబుల్, పక్కవాళ్ల మోచెయ్యి తగిలేంత ఇరుకు, పొద్దున ఎనిమిదికి కూర్చుంటే భోజనానికి తప్ప లేవరు. లేస్తే సీటు పోతుందన్న భయం ఒకటి.

ఫోన్ చూసే మెడ గురించి కూడా కాస్త నిదానం అవసరం. తల బరువు ఐదు కిలోలే గానీ 60 డిగ్రీలు వంచితే మెడ మీద 27 కిలోలు పడుతుందన్న బొమ్మ అందరి ఫోన్లలోనూ తిరిగింది. అది 2014లో కంప్యూటర్ నమూనాతో వేసిన లెక్క, మనుషుల మెడలను పరీక్షించి చెప్పింది కాదు. బ్రెజిల్‌లో 18 నుంచి 21 ఏళ్ల యువతను 2018లో పరిశీలిస్తే ఫోన్ చూసే భంగిమకూ మెడ నొప్పికీ సంబంధం దొరకలేదు. ఫోన్ వల్ల వ్యాయామం, నిద్ర పోతున్నాయి. మెడ వంపు కన్నా ఆ నష్టమే పెద్దది కావచ్చు.

టూవీలర్ల మీద డెలివరీ చేసే కుర్రాళ్లది వేరే కథ. ఫిన్లాండ్ కవలల లెక్క ప్రకారం బండి నడపడం డిస్కును ఎండబెట్టకపోవచ్చు. కానీ ఒళ్లంతా కుదిపే అదురుకూ నడుం నొప్పికీ ముడి ఉందని వృత్తి ఆరోగ్య పరిశోధనలు చాలాకాలంగా చెబుతున్నాయి. వాటిలో చూసింది ఎక్కువగా లారీలు, ట్రాక్టర్ల సీట్లనే. ఇక్కడ గుంతలు, స్పీడ్ బ్రేకర్లు, వీపున బ్యాగు, పది పన్నెండు గంటల షిఫ్టు. వీళ్లకు 'రోజూ నడవండి' అన్న సలహా ఎగతాళిలా వినిపిస్తుంది. సరుకును వీపు మీద కాకుండా బండికి బిగించిన పెట్టెలో పెట్టడం, టైర్లలో గాలి, సస్పెన్షన్ సరిగా ఉంచుకోవడం, ఆర్డర్ల మధ్య బండి మీదే ఫోన్ చూస్తూ వంగి కూర్చోకుండా దిగి నాలుగడుగులు వేయడం వరకు వాళ్ల చేతిలో ఉన్నవి. షిఫ్టు గంటలు మాత్రం వాళ్ల చేతిలో లేవు.

డిస్కును కాపాడే పనుల్లో ఆధారాలు బలంగా ఉన్నది నడకకే. ఎక్కువ దూరాలు పరిగెత్తేవాళ్ల డిస్కుల్లో, అంతగా కదలని వాళ్ల డిస్కులతో పోలిస్తే నీరూ, దాన్ని పట్టి ఉంచే పదార్థమూ ఎక్కువగా ఉన్నట్టు ఆస్ట్రేలియా పరిశోధకులు 2017లో చూపారు. అన్నిటికన్నా డిస్కుకు నచ్చే వేగం చురుకైన నడక, నెమ్మదైన పరుగు అని కూడా వాళ్ల కొలతల్లో తేలింది. ఆ దేశంలోనే 2024లో వెలువడిన మరో ప్రయోగంలో, నడుం నొప్పి తగ్గి కోలుకున్న 701 మందిలో సగం మందికి క్రమంగా పెంచే నడక కార్యక్రమం, దాంతో పాటు కొంత అవగాహన ఇచ్చారు. లక్ష్యం వారానికి ఐదు రోజులు, రోజుకు అరగంట. నడవని వాళ్లకు నొప్పి మళ్లీ రావడానికి మధ్యస్థంగా 112 రోజులు పడితే, నడిచినవాళ్లకు 208 రోజులు పట్టింది. పైసా ఖర్చు లేని ఉపాయానికి ఇది చిన్న ఫలితం కాదు.

పైసా ఖర్చు లేదన్నది కూడా హైదరాబాద్‌లో పూర్తి నిజం కాదేమో. సైబర్ టవర్స్ 1998లో తెరుచుకున్నప్పటి నుంచి మాదాపూర్ చుట్టూ పెరిగిన నగరంలో ఫుట్‌పాత్ చాలాచోట్ల పార్కింగ్‌కో, టిఫిన్ బండికో, ట్రాన్స్‌ఫార్మర్‌కో పోయింది. రాయదుర్గం మెట్రో దిగి ఆఫీసు దాకా నడిచివెళ్లే పావుగంట ఎంతో పనికొచ్చేది, కానీ జనం షేర్ ఆటో ఎక్కడానికి బద్ధకం ఒక్కటే కారణం కాదు. కేబీఆర్ పార్కు, కొత్తగూడ బొటానికల్ గార్డెన్, దుర్గం చెరువు, ఓయూ క్యాంపస్ రోడ్లు దగ్గర్లో ఉన్నవాళ్లు అదృష్టవంతులు. లేనివాళ్లకు అపార్ట్‌మెంట్ టెర్రస్సో, సెల్లార్ చుట్లో, ఫోన్ కాల్స్ మాట్లాడుతూ ఆఫీసు కారిడార్లో నడకో దిక్కు. ఇవన్నీ లెక్కలోకే వస్తాయి.

నడకతో పాటు వారానికి రెండు రోజులైనా కండరాల పని ఉండాలి. నడుం, పిరుదులు, పొట్ట చుట్టూ ఉన్న కండ భారాన్ని పంచుకుంటేనే డిస్కుకు తెరిపి. ప్లాంక్, పక్కకు చేసే ప్లాంక్, నాలుగు కాళ్ల మీద ఉండి ఎదురెదురు చెయ్యి కాలు చాచడం ఇంట్లోనే చేసుకోవచ్చు. జిమ్‌లో డెడ్‌లిఫ్ట్, అంటే నేల మీది బరువును పైకెత్తే వ్యాయామం, చెడ్డదని కొందరు భయపెడతారు. చెడ్డది కాదు, ఆరు నెలలు కదలని ఒంటితో జనవరిలో చేరి, రెండో వారానికే పక్కవాడి బరువెత్తడం చెడ్డది. డిస్కు కండంత వేగంగా గట్టిపడదు, దానికి నెలలు పడుతుంది. అధిక బరువుకూ డిస్కు క్షీణతకూ సంబంధం ఉందని హాంకాంగ్‌లో వేల మందిని స్కాన్ చేసి చూసిన అధ్యయనాలు చెబుతున్నాయి గనుక, అర్ధరాత్రి బిర్యానీ అలవాటు మీద కూడా ఒక కన్నేయాలి.

నొప్పి వచ్చాక జరిగే పొరపాట్లు, రాకముందు చేసేవాటికన్నా ఎక్కువ నష్టం చేస్తాయి. రిపోర్టు చదివి వారాల తరబడి మంచమెక్కడం వాటిలో మొదటిది. ఒకటి రెండు రోజులు మించి పడుకుంటే వెన్నును పట్టి ఉంచే కండలే ముందు చిక్కిపోతాయి. నడుముకు బెల్టు కట్టుకుని నెలలు గడపడం రెండోది. 2023 డిసెంబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన దీర్ఘకాలిక నడుం నొప్పి మార్గదర్శకాల్లో బెల్టులు, ట్రాక్షన్ (వెన్నును సాగదీసి పట్టే చికిత్స), ఓపియాయిడ్ మందులు (నల్లమందు తరహా బలమైన నొప్పి మందులు) మామూలుగా వాడొద్దన్న జాబితాలో ఉన్నాయి. వ్యాయామం, అవగాహన, అవసరమైతే మానసిక చికిత్స వాడదగ్గవాటిలో ఉన్నాయి. ఇక డిస్కు బయటికొచ్చిందంటే ఆపరేషనే అనుకోవడం. విచిత్రమేమిటంటే, ఎక్కువగా బయటికొచ్చి తెగిపోయిన ముక్కే తొందరగా కరుగుతుంది. 2015 నాటి సమీక్షలో అలా తెగిపడినవి 96 శాతం, బాగా పొడుచుకొచ్చినవి 70 శాతం వాటంతటవే తగ్గాయి. మామూలు బల్జ్‌లు తగ్గింది 13 శాతమే. తెగిన ముక్కను ఒళ్లు పరాయి వస్తువుగా చూసి తినేస్తుంది. కాలిలోకి జివ్వుమని లాగే సయాటికా ఎక్కువమందిలో ఆరు నుంచి పన్నెండు వారాల్లో శాంతించేది ఇందుకే.

అన్ని నడుం నొప్పులూ డిస్కువి కావన్నది మరవకూడదు. నలభై లోపు మొదలై, మూడు నెలలు దాటి, పొద్దున అరగంటకు పైగా నడుం బిగుసుకుపోయి, తెల్లవారుజామున నిద్ర లేపి, విశ్రాంతితో పెరిగి కదిలితే తగ్గే నొప్పి ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్ కావచ్చు. అది రోగనిరోధక వ్యవస్థ తెచ్చే వాపు, చూడాల్సింది కీళ్లవాతం డాక్టరు, అంటే రుమటాలజిస్టు. డిస్కు అనుకుని ఏళ్లు గడిపేవాళ్లు ఇందులో చాలామంది. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నిద్రపట్టనివ్వని నొప్పి ఉంటే వెన్నెముక క్షయ ఉందేమో చూడాలి. మన దేశంలో అది పాతికేళ్ల వాళ్లకూ వస్తుంది, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న నొప్పి మాత్రలతో నెలలు దాక్కుంటుంది. ఫాస్ట్ బౌలింగ్ చేసే కుర్రాళ్లలో డిస్కు బాగానే ఉండి వెన్నుపూస వెనక భాగంలో సన్నటి పగులు ఉండొచ్చు.

మామూలు నొప్పికి మొదటి ఆరు వారాలు స్కాన్ అక్కర్లేదు. కానీ పాదం పైకి లేవక చెప్పు జారిపోతున్నా, రెండు కాళ్లలో బలం తగ్గుతున్నా, కూర్చునే చోట మొద్దుబారినా, మూత్రం రాక ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడొద్దు. నరాల కట్ట నొక్కుకుపోతోందనడానికి గుర్తులవి. ఆలస్యమైతే పోయిన పట్టు తిరిగి రాకపోవచ్చు. నిమ్స్, గాంధీ, ఉస్మానియా సహా న్యూరోసర్జరీ విభాగం ఉన్న ఏదో ఒక ఆసుపత్రి ఎమర్జెన్సీకి అర్ధరాత్రయినా సరే వెళ్లాలి.